మర్దన, ప్రమాణం: స్త్రీ రొమ్ము ఆరోగ్యంపై ఒక తాత్త్విక విచారణ

చైనా సంప్రదాయ వైద్యంలో మర్దన చికిత్సను తుయినా అంటారు. 'చి' అనే ప్రాణశక్తి శరీరమంతటా కొన్ని మార్గాల్లో ప్రవహిస్తుందనీ, అది నిలిచిపోయిన చోట నొప్పి, గడ్డ పుడతాయనీ ఆ వైద్యుల సిద్ధాంతం. జఠరానికి చెందిన మార్గం చనుమొన మీదుగానే సాగుతుందంటారు. కోపం, దిగులు కాలేయపు చిని స్తంభింపజేస్తాయంటారు. రొమ్ములో పుట్టే రాచపుండుకు స్త్రీ లోలోపల అణచుకున్న దుఃఖమే మూలమని 14వ శతాబ్దపు వైద్యుడు జూ దాన్షీ భావించాడు. మర్దనతో ఆ మార్గాలు తెరుచుకుంటే రొమ్ము ఆరోగ్యం బాగుపడుతుందన్న నమ్మకం ఈ భావనల నుంచి వచ్చిందే.

తెలుగువారికి మర్దన కొత్త కాదు. ఉగాదినాడు, నరక చతుర్దశినాడు తైలాభ్యంగనం ధర్మవిధి. బాలింతకు నూనె రాసి ఒళ్లు పట్టడం ఇంటింటి ఆచారం. అభ్యంగనం ముసలితనాన్నీ బడలికనూ దూరం చేస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. అయితే అదే ఆయుర్వేదానికి చెందిన సుశ్రుతుడు 107 మర్మస్థానాలు లెక్కించి, అందులో స్తనమూలాలు, స్తనరోహితాలు అనే నాలుగింటిని రొమ్ముల దగ్గరే చూపాడు. దెబ్బ తగిలితే ప్రాణాపాయమని ఆయన హెచ్చరించిన చోట్లవి.

ఇక్కడ ఎదురయ్యే ప్రశ్న జ్ఞానానికి సంబంధించినది. మర్దన రొమ్మును కాపాడుతుందన్న మాటను ఏ ప్రమాణంతో నమ్మాలి? తర్కసంగ్రహం రాసిన ఆంధ్రుడు అన్నంభట్టు ప్రత్యక్షం, అనుమానం (హేతువును బట్టి ఊహించడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట) అని నాలుగు ప్రమాణాలు చెప్పాడు. వైద్యుడైన చరకుడు ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానాలకు తోడు యుక్తిని చేర్చాడు. అనేక కారణాలు కలిసి ఒక ఫలితాన్ని ఎలా ఇస్తాయో వివేచించే బుద్ధే యుక్తి. పెద్దల మాటకు విలువ ఇస్తూనే, పరీక్షకు కూడా చోటు ఉంచిన పద్ధతి ఇది.

ఆ పరీక్షను మర్దనకూ వర్తింపజేయాలి. మర్దన తర్వాత కలిగే హాయి ప్రత్యక్షం, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ అది హాయికి మాత్రమే సాక్ష్యం, గడ్డ కరిగిందనడానికి కాదు. అనుమానానికి వ్యాప్తి కావాలి, అంటే హేతువు (కారణంగా చూపేది) ఉన్నచోటల్లా సాధ్యం (నిరూపించాల్సినది) ఉండితీరాలి. చాలామంది స్త్రీలలో నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కి, గట్టిపడి, తర్వాత వాటంతటవే తేలికపడతాయి. మర్దన చేయకపోయినా తగ్గేదాన్ని మర్దన వల్ల తగ్గిందనడంలో ఉన్నది తర్కంలో చెప్పే వ్యభిచార దోషం, అంటే హేతువుకూ సాధ్యానికీ తప్పనిసరి సంబంధం లేకపోవడం. క్యాన్సర్ గడ్డను మర్దన కరిగిస్తుందనడానికి ఏ నిరూపణా లేదు.

మర్దనకు నిలబడే ఉపయోగాలూ ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్స తర్వాత చేయి వాచినప్పుడు, శిక్షణ పొందినవారు మృదువుగా చేసే శోషరస (లింఫ్) మర్దన చికిత్సలో భాగంగా ఉపకరిస్తుంది. చికిత్స పొందుతున్నవారి ఆందోళనను స్పర్శ తగ్గించగలదు. పాలు కట్టుకుని రొమ్ము వాచిన తల్లికి మృదువైన మర్దన ఊరటనిస్తుంది. గట్టిగా నొక్కితే మాత్రం కణజాలం దెబ్బతిని వాపు పెరుగుతుంది.

ఇందులో నైతిక ప్రశ్న కూడా ఉంది. దుఃఖాన్ని అణచుకుంది కాబట్టి గడ్డ వచ్చిందనడం, పూర్వజన్మ పాపమనడం రెండూ రోగాన్ని రోగి నేరంగా మారుస్తాయి. వయసు, వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల మార్పులు, స్థూలకాయం, మద్యం వంటివి రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచుతాయి. ఇవేవీ లేని స్త్రీకీ అది రావచ్చు. ఆయుర్దాయం దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) రెండింటి మీదా ఆధారపడుతుందన్నాడు చరకుడు. కర్మను నమ్మేవారు కూడా ప్రయత్నం మానడానికి దాన్ని సాకు చేసుకోలేరు.

ఆ ప్రయత్నానికి హైదరాబాద్‌లో దారులున్నాయి. 1955లో మొదలైన ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి, 2000లో ప్రారంభమైన బసవతారకం ఆసుపత్రి రోగులకు సేవ చేస్తున్నాయి.  30 ఏళ్లు దాటిన స్త్రీల రొమ్ములను ఆరోగ్య సిబ్బంది పరీక్షించే జాతీయ కార్యక్రమం కూడా ఉంది. సిగ్గో, ఖర్చు భయమో, మర్దనతో పోతుందన్న ఆశో ఈ దారులను మూసేయకూడదు.

కొత్తగా గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి ముడుచుకున్నా, దాని నుంచి రక్తం కారినా ముందు డాక్టరుకు చూపించాలి. మర్దనను హాయి కోసం ఉంచుకోవచ్చు, కానీ రోగనిర్ణయాన్ని దానికి అప్పగించకూడదు. పరీక్షించి నమ్మమన్న చరకుడి మాటను పాటించడమంటే ఇదే.