చదువు తలరాత కాదు



"మా బిడ్డకు లెక్కలు రావు సారూ, మా తలరాత గంతే." మన రాజంపేట దిక్కు బీడీలు చుట్టే తల్లుల నోట ఈ మాట వింటుంటం. అమ్మా, ఆకు కత్తిరించుడు, తంబాకు నింపుడు, దారం కట్టుడు మీకు పుట్టుకతోనే వచ్చినయా? చూసి, చేసి, చెడగొట్టి, మల్ల చేసి నేర్చుకున్నరు. నేర్చుకునే మనసంటే అదే.

కారణం ఉంటేనే ఫలితం, కారణం మారితే ఫలితం మారుతుంది. ఇదే బుద్ధుని పటిచ్చసముప్పాదం. బడిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టిన భీమ్‌రావే 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్‌తో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. మారింది నుదుటి రాత కాదు, అవకాశం. దానికి ఆయన శ్రమ తోడైంది.

అందరూ ఒకే వేగంతో నేర్చుకోరు, నిజమే. ఆలస్యం వేరు, అసలే రాకపోవడం వేరు.

పెద్దలు చెప్పారని, గ్రంథంలో ఉందని దేన్నీ నమ్మవద్దని బుద్ధుడు కాలాములకు బోధించాడు. ఈ కరపత్రాన్ని కూడా ఊరికే నమ్మకండి. ఇయ్యాల రాత్రి బిడ్డ పక్కన కూర్చోండి. లెక్క ఎక్కడ ఆగిందో అడగండి. ఆకలా, భయమా, అవమానమా, కారణం వెతకండి. నెల రోజులు చేసి చూసి, మీరే తేల్చుకోండి.

భవతు సబ్బ మంగళం.