అంకె అబద్ధమాడుతుందా?



గత వేసవి సెలవులలో మా విచారణకు చెందిన ఒక యువకుడు బంగళాకు వచ్చాడు. సివిల్ ఇంజనీరింగు ముగించి, ఒక విశ్వవిద్యాలయంలో పర్యావరణ ఇంజనీరింగులో ఎం.టెక్. చదువుతున్నాడు. ఆ చదువు కోసం తండ్రి పొలం తాకట్టు పెట్టిన సంగతి నాకు తెలుసు. "ఫాదర్ గారూ, ఇది పాపసంకీర్తనం కాదు, ఒక సందేహం మాత్రమే" అంటూ వరండాలో కూర్చున్నాడు. అతని అనుమతితోనే ఆ సందేహాన్ని మీ ముందుంచుతున్నాను.

శిక్షణ నిమిత్తం అతడు రెండు నెలలు ఒక కర్మాగారంలో ఉన్నాడు. అక్కడ వ్యర్థజలాన్ని సగం శుద్ధి చేసి, వాగులోకి వదిలే ముందు దానిలో బోరు నీరు కలుపుతున్నారట. నమూనా సీసాను ఆ తరువాతే నింపుతారట.

ఇక్కడ కొంచెం వివరం అవసరం. నీటిలోని మురికిని సూక్ష్మజీవులు తినేటప్పుడు ఆ నీటిలోని ప్రాణవాయువును వాడుకుంటాయి. ఎంత వాడుకుంటాయో తెలిపే కొలతను బి.ఓ.డి. అంటారు. మన దేశంలో నమూనాను 27 డిగ్రీల వద్ద 3 రోజులు ఉంచి దీనిని లెక్కిస్తారు. వాగులు, నదులలోకి వదిలే నీటిలో ఇది లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకూడదన్నది సాధారణ ప్రమాణం.

"సీసాలోని నీరు నిజమైనదే. పరీక్ష నిజమైనదే. 30 అన్న అంకె కూడా నిజమే. ఎవరూ అబద్ధం రాయలేదు. మరి నా మనసెందుకు ఒప్పుకోవడం లేదు ఫాదర్ గారూ?" అని అడిగాడు.

కాగితం మీద లెక్క వేయమన్నాను. లక్ష లీటర్ల వ్యర్థజలంలో లీటరుకు 90 మిల్లీగ్రాముల బి.ఓ.డి. ఉందనుకుందాం. మొత్తం 9 కిలోలు. దానికి 2 లక్షల లీటర్ల మంచి నీరు కలిపితే 3 లక్షల లీటర్లవుతుంది. లీటరుకు 30 మిల్లీగ్రాములు వస్తుంది. గుణించి చూడండి: మళ్ళీ అదే 9 కిలోలు! వాగు మీద పడే భారం రవ్వంత కూడా తగ్గలేదు. పైగా ఊరివారి బావులకు అందవలసిన 2 లక్షల లీటర్ల భూగర్భజలం మురుగు పాలయింది.

అబద్ధం మాటలోనే ఉండాలన్న నియమం లేదు. అంకె అనేది ఒక ప్రశ్నకు జవాబు. "ఈ నీటిని వాగు భరించగలదా?" అన్నది సమాజం అడిగిన ప్రశ్న. "ఈ సీసాలో ఏముంది?" అన్న వేరొక ప్రశ్నకు జవాబు చెప్పి, మొదటిదానికి చెప్పినట్లు నమ్మించారు. అంకె నిజమే, కాని దానిని చూపించిన ఉద్దేశం నిజం కాదు.

పూర్వం తత్వశాస్త్ర తరగతిలో చదువుకున్న ఒక విషయం అప్పుడు గుర్తొచ్చింది. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రంలో నైపుణ్యానికీ వివేకానికీ తేడా చూపాడు. నైపుణ్యంలో తెలియక తప్పు చేసినవానికంటే కావాలని తప్పు చేసినవాడు నయం. కావాలని చెక్కను వంకరగా కోసిన వడ్రంగికి తిన్నగా కోయడం కూడా వచ్చు. వివేకంలో ఇది తలకిందులవుతుంది. తెలిసి తప్పు చేసినవాడే అక్కడ ఎక్కువ దోషి. విశ్వవిద్యాలయం ఈ యువకునికి ఆ 9 కిలోల లెక్క నేర్పింది. నేర్చుకున్న రోజు నుండి "నాకు తెలియదు" అనే ఆశ్రయం అతనికి లేదు.

నిజాయితీగా కొలిచిన అంకె కూడా అడిగినదానికే జవాబిస్తుంది. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో దాదాపు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనిపించింది. బి.ఓ.డి. పరీక్ష ఎంత శ్రద్ధగా చేసినా ఆ మందు పేరు చెప్పదు. ఏ ప్రశ్న అడగాలో తెలుసుకోవడం కూడా ఈ చదువులో భాగమే.

ఒకప్పుడు ఈ శాస్త్రాన్ని ప్రజారోగ్య ఇంజనీరింగు అనేవారు. నాగపూరులో 1958లో స్థాపించిన కేంద్ర పరిశోధన సంస్థ పేరులో కూడా 'ప్రజారోగ్యం' ఉండేది; 1974లో ఆ స్థానంలో 'పర్యావరణం' వచ్చింది. పేరు మారినా, దిగువన బిందె ముంచుకునే మనిషి ఈ చదువు నుండి తప్పుకోలేదు.

మరి ఆ యువకునికి ఏమని చెప్పను? పంపును ఆపే అధికారం అతనికి లేదు. కాని తన శిక్షణ నివేదిక తన చేతిలోనే ఉంది. "గాఢత పక్కన రోజుకు ఎన్ని లీటర్లు వదిలారో, అందులో బోరు నీరెంతో కూడా రాయి బాబూ. ఎవరినీ నిందించనక్కరలేదు. లెక్క తెలిసినవారు గుణించుకుంటారు" అన్నాను. "ఆ నివేదిక మీద సంతకం పెట్టవలసింది వాళ్ళే కదా ఫాదర్ గారూ" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. తాకట్టులో ఉన్న పొలం నాది కాదు. సలహా చెప్పడం నాకు సులువు.

తరువాత ఫోను చేశాడు. ఆ వివరాలన్నీ రాశాడట. సంతకం కోసం ఇంకా ఎదురుచూస్తున్నాడు.

తల్లిదండ్రులారా, ఈ చదువుకు పిల్లలను పంపేటప్పుడు జీతమెంత అని అడుగుతాము, అడగవలసిందే. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు మరొకటి కూడా అడగండి: "నువ్వు సంతకం పెట్టిన నీళ్ళు ఏ ఊరికి పోతున్నాయి నాయనా?" జవాబు చెప్పడానికి వాడు జంకితే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని పూర్తిగా వినండి. సంతకం రాని రోజున వానికి మన ఇంటి అండ కావాలి.