గాడిదా, కుండా, పది అంగుళాల పలక

కొవ్వూరులో గోదావరి గట్టుకు రెండు వీధులు ఇవతల, ఒక పెంకుటింటి అరుగు మీద ఆదివారం పొద్దున జరిగిన వాదం ఇది. వాదులు ఇద్దరే. ఒకరు సంస్కృత కళాశాలలో తర్కం చెప్పి రిటైరైన మేష్టారు. రెండో మనిషి ఆయన మేనకోడలు. వంతెన అవతల రాజమహేంద్రవరంలో ఒక ట్యాక్స్ కన్సల్టెంటు దగ్గర ఆరేళ్లుగా జీఎస్టీ రిటర్నులు వేస్తోంది. వచ్చే నెల నుంచి సొంతంగా చేసుకుందామనుకుంటోంది. చేతిలో 45 వేలున్నాయి. ఆ డబ్బుతో వచ్చేది ఒక్కటే వస్తువు: ల్యాప్‌టాపో, ట్యాబో.

నిజానికి ఆమె సలహా కోసం రాలేదు. ట్యాబే కొనాలని మనసులో తేల్చేసుకుని, మామయ్య దగ్గరున్న ట్యాబ్‌ను ఒకసారి పట్టుకుని చూసి పోదామని వచ్చింది. అడక్కుండా సలహా ఇవ్వడం మేష్టార్లకు వృత్తిధర్మం గనక సంభాషణ మొదలైంది.

“ట్యాబే ఎందుకే?”

“తేలిక మామయ్యా. అరకిలో కూడా ఉండదు. బస్సులో నిలబడి కూడా పట్టుకోవచ్చు. రోజంతా ఛార్జింగు వస్తుంది. ముట్టుకుంటే తెరుచుకుంటుంది. బొమ్మ ఎంత బాగుంటుందో...”

“ఆగాగు. గాడిద సంగతి ఎప్పుడైనా విన్నావా?”

వినలేదు. తర్కం చదివినవాళ్లకు మాత్రం అది ఇంట్లో మనిషంత పరిచయం. కుండకు మట్టి ఒక రకం కారణం. కుమ్మరి, సారె, సారెను తిప్పే కర్ర మరో రకం. మరి ఆ మట్టిని చెరువు నుంచి మోసుకొచ్చిన గాడిదో? కుండ కంటే ముందు అదీ అక్కడే ఉంది కదా! ఉన్నా లెక్కలోకి రాదన్నారు నైయాయికులు, అంటే తర్కశాస్త్రంవాళ్లు. గాడిద లేకపోతే బండి మీద తెచ్చుకుంటాం, కుండ మాత్రం తయారవుతుంది. అలాంటివాటికి అన్యథాసిద్ధమని పేరు పెట్టి పక్కన కట్టేశారు. పదిహేడో శతాబ్దపు విశ్వనాథ పంచాననుడి భాషాపరిచ్ఛేదం తిరగేసిన ప్రతి విద్యార్థికీ ఆ గాడిద ఎదురుపడుతుంది.

“నువ్వు చెప్పినవన్నీ గాడిదలే,” అన్నారు మేష్టారు. “బరువు, ఛార్జింగు, బొమ్మ. నీ కుండేమిటో చెప్పు ముందు.”

ఆమె కుండ నెలకొకసారి సారె ఎక్కుతుంది. 11వ తేదీలోపు అమ్మకాల వివరాలతో జీఎస్టీఆర్-1 వెయ్యాలి. అవతలి వ్యాపారులు వేసిన వివరాల నుంచి 14న పోర్టల్ తనంతట తానే 2బీ పట్టిక తయారుచేసి పెడుతుంది. 20లోపు 3బీ వేసి పన్ను కట్టాలి. ఈ 14కూ 20కీ మధ్య ఉండేదే అసలు పని. దుకాణదారు కొనుగోళ్ల పుస్తకం ఒక పక్క, 2బీ ఇంకో పక్క పెట్టుకుని బిల్లు బిల్లూ సరిచూడాలి. ఒకచోట 45 అని ఉంటే రెండోచోట 045 అని ఉంటుంది. సరఫరాదారు ఒక బిల్లు ఎక్కించడమే మరిచిపోతాడు. ఒక్క అంకె తేడాకి, కొనుగోళ్ల మీద కట్టిన పన్నుకు రావాల్సిన వేల రూపాయల క్రెడిట్ ఆగిపోవచ్చు. ఎక్సెల్‌లో వీలుకప్ వేసి రెండు పట్టికల్నీ ఢీకొట్టించి, మిగిలిన పేచీ బిల్లుల కోసం ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. కొట్లలో లెక్కలన్నీ ట్యాలీలో ఉంటాయి. ట్యాలీప్రైమ్ విండోస్ మీద తప్ప నడవదు. ఖాతాదారు కంపెనీ అయితే డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్ రూపంలో వస్తుంది. దాన్ని గుచ్చడానికి యంత్రానికి చోటుండాలి, దాని సాఫ్ట్‌వేర్ అందులో ఎక్కాలి.

“ఇదంతా ట్యాబులో అవుతుందా?”

“పోర్టల్ తెరుచుకుంటుంది. చిన్న కొట్లవాళ్లకైతే ఓటీపీతో ఫైల్ చేసెయ్యొచ్చు.”

“అది కాలిన కుండను ఆవంలోంచి దించడం. సారె మీద పని అడుగుతున్నాను నేను.”

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఈ కాలంలో చాలామంది అనేదే తనూ అంది: ఇప్పటి ట్యాబులు ల్యాప్‌టాపులకేమీ తీసిపోవని.

అది అబద్ధమేమీ కాదు. యాపిల్ 2020 నవంబరులో మ్యాక్‌బుక్ ఎయిర్‌లో పెట్టిన ఎమ్1 చిప్‌నే 2021లో ఐప్యాడ్ ప్రోలోనూ పెట్టింది. గుండెకాయ ఒక్కటే. అయినా రెండింటి మీదా ఒకే పని ఒకేలా సాగలేదంటే, తేడా బలంలో లేదన్నమాట. ఒకటి ఎన్ని కిటికీలైనా పక్కపక్కన తెరిచి పెట్టుకోమంటుంది. రెండోది చాలాకాలం ఒక్క కిటికీనే తెర నిండా పరిచి, దాని మీదే ధ్యాస పెట్టమంది. 2025లో వచ్చిన ఐప్యాడ్‌ఓఎస్ 26 దాకా కిటికీలను ల్యాప్‌టాపులోలా ఇష్టం వచ్చినట్టు పరుచుకోవడం అందులో పూర్తిగా కుదరలేదు. తేలిక మాటకొస్తే ఇంకో తమాషా ఉంది. 2020 నాటి 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 641 గ్రాములు, దానికి తగిలించే మ్యాజిక్ కీబోర్డు 710. రెండూ కలిస్తే 1,351 గ్రాములు. ఆ ఏడాదే వచ్చిన ఎమ్1 మ్యాక్‌బుక్ ఎయిర్ 1,290. పలకకు మీటలు తగిలించేసరికి అది పుస్తకం కంటే బరువెక్కింది. (వీటిలో ఏదీ కొత్తది 45 వేలకు రాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.)

అసలు పలకకు మీటలు కావాలన్న తగువు ఈనాటిది కాదు. 1972లో జెరాక్స్ పరిశోధనశాలలో పనిచేస్తున్న అలన్ కే, అన్ని వయసుల పిల్లల కోసమంటూ డైనాబుక్ అనే కంప్యూటర్‌ను కాగితం మీద ఊహించాడు. నోటుపుస్తకమంత ఉండాలి, రెండు కిలోలు దాటకూడదు అన్నాడు. ట్యాబులకు తాత అని ఇప్పుడందరూ చెప్పుకునే ఆ బొమ్మలో తెర కింద మీటల వరస బుద్ధిగా కూర్చుని ఉంటుంది. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో వేదిక మీద మెత్తటి కుర్చీలో వెనక్కి వాలి ఐప్యాడ్ చూపించాడు. ఆ కుర్చీయే సగం ప్రకటన: ఇది బల్ల దగ్గర వాడే వస్తువు కాదని. అదే రోజు, అదే వేదిక మీద, దాన్ని నిలబెట్టుకుని టైపు చేసుకోవడానికి ఒక కీబోర్డు డాక్ కూడా చూపించాడు.

మేష్టారికి ఈ చరిత్ర మీద పెద్ద ఆసక్తి లేదు. ఆయన విభక్తిలోకి దిగారు.

“నువ్వు ‘ల్యాప్‌టాప్‌తో పని చేస్తా’ అంటావు. ‘ట్యాబ్‌తో కూర్చుంటా’ అంటావు. రెండు ‘తో’లూ ఒకటేనా?”

“ఒకటే కదా!”

“కత్తితో కోశాడు. తమ్ముడితో వెళ్లాడు. తమ్ముడు కత్తి కాదు కదే! మొదటి దాన్ని కరణం అంటారు. క్రియ జరగడానికి అన్నిటికంటే ఎక్కువ తోడ్పడేది కరణమని పాణిని లెక్క. రెండోది వట్టి తోడు. సంస్కృతంలోనూ రెండింటికీ తృతీయే. మనమూ ఒక్క ‘తో’తో సర్దుకుంటున్నాం. అందుకే దుకాణంలో నిలబడ్డప్పుడు నీకు కత్తి కావాలో తమ్ముడు కావాలో నోటి మాటను బట్టి తెలియదు.”

బాగానే ఉంది. ట్యాబ్ మంచి తమ్ముడే. పడుకుని చదువుకోవడానికి, పెళ్లి ఫొటోలు చూపించడానికి, ఖాతాదారు ముందు ఒక పట్టిక తిప్పి చూపడానికి, వేలితో సంతకం పెట్టించడానికి దాన్ని మించింది లేదు. ఇక్కడితో మేష్టారు గెలిచినట్టే కనబడింది. కాఫీ వచ్చింది. ఆ కాఫీ తాగుతూనే మేనకోడలు గాడిదను మళ్లీ అరుగు మీదికి లాక్కొచ్చింది.

“మామయ్యా, గాడిద లేకపోతే బండి మీద తెచ్చుకుంటారన్నారు. బండి కూడా లేని కుమ్మరి సంగతేమిటి?”

“అంటే?”

“ఆఫీసులో నాకిచ్చింది పదిహేనున్నర అంగుళాల పాత ల్యాప్‌టాపు. ఛార్జరుతో కలిపి మూడు కిలోలకు తక్కువుండదు. రెండు బస్సులు మారి, ఖాతాదారు మిల్లుకు దగ్గర్లో దిగి కిలోమీటరు నడవాలి. భుజం నొప్పెట్టి వారానికి నాలుగు రోజులు దాన్ని ఆఫీసులోనే వదిలేసి పోతున్నా. మిల్లులో లెక్కలు కాగితం మీద రాసుకొచ్చి రాత్రి మళ్లీ ఎక్కిస్తున్నా. ఆ నాలుగు రోజులూ కుండ తయారవలేదు. గాడిద లేకే తయారవలేదు. లోకంలో కుండలన్నిటికీ గాడిద అక్కర్లేదేమో గానీ, నా కుండకు కావాలి.”

మేష్టారు గ్లాసు కింద పెట్టారు. ఇది ఆయనకు గుచ్చుకోవాల్సిన చోటే గుచ్చుకుంది. ఎందుకంటే ఈ అభ్యంతరం శాస్త్రంలోనే ఉంది. భాషాపరిచ్ఛేదానికి విశ్వనాథుడే రాసుకున్న వ్యాఖ్య ముక్తావళి, ఫలానా ఒక్క కుండ విషయంలో గాడిద తప్పనిసరిగా ముందున్నట్టే లెక్క అని ఒప్పుకుంటుంది. అయినా కుండ అనే జాతి మొత్తానికి ఏవి కారణాలో వాటితోనే ఆ ఒక్క కుండా తయారవుతుంది గనక, గాడిద కారణం కాదని తేలుస్తుంది. శాస్త్రానికి జాతి కావాలి. కొనుక్కునేవాళ్లకు కావాల్సింది ఆ ఫలానా ఒక్క కుండ. ఏది మంచిదని పోల్చి చెప్పే సలహాలు ఎక్కువగా జాతి గురించే మాట్లాడతాయి. మూడు కిలోలు మొయ్యాల్సింది ఎవరి భుజమో వాటికి తెలియదు.

గాడిద ఒక్కటే ఉండి కుమ్మరి లేకపోయినా కష్టమే. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విద్యార్థుల కోసం ఆకాశ్ ట్యాబ్ విడుదలైంది. హైదరాబాద్‌లో కూర్పు జరిగిన ఏడు అంగుళాల పలక అది. ప్రభుత్వానికి ఒక్కోటి సుమారు 2,276 రూపాయలకు పడింది. ప్రపంచమంతా ఆ ధర గురించే మాట్లాడింది. లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్. వేలితో తాకితే చాలదు, నొక్కాల్సిన తెర. చవక చాలా పెద్ద గుణం. కాదనేది బండీ గాడిదా రెండూ ఉన్నవాళ్లే. అయితే ఆ పలక మీద విద్యార్థి ఏం తయారుచేస్తాడన్న ప్రశ్న ధర వెనక ఎక్కడో నిలబడిపోయింది.

“సరే,” అన్నారు మేష్టారు. “బరువు నీ విషయంలో కారణమే. ఒప్పుకున్నాను. అయినా దానివల్ల ట్యాబ్ ఖాయం కాలేదు. చిన్న ల్యాప్‌టాప్ ఖాయమైంది.”

“పద్నాలుగు అంగుళాలవి కిలోన్నర లోపే వస్తున్నాయి,” అని ఆమే ఒప్పుకుంది. రంగులు, కెమెరా, పెన్నూ అంటూ ఫోన్‌లో రాసి పెట్టుకున్న జాబితాను అక్కడే చెరిపేసి మళ్లీ రాసుకుంది: విండోస్, రెండు యూఎస్‌బీ రంధ్రాలు, కిలోన్నర, మెత్తగా నొక్కుకునే మీటలు, పక్కనే అంకెల మీటలుంటే మంచిది. ఆఖరిది రాశాక ఆగింది. పద్నాలుగు అంగుళాల్లో అంకెల మీటల వరస సాధారణంగా ఉండదు. రోజుకు వందల అంకెలు కొట్టే మనిషికి అది చిన్న లోటు కాదు. విడిగా దొరికే అంకెల మీటల పలక ఒకటి కొనుక్కుంటే సరిపోతుందని సర్దుకుంది.

అంతా అయిందనుకున్నాక, చూడటానికని వచ్చిన ట్యాబ్‌ను చేతిలోకి తీసుకుంది. అందులో మేష్టారు ఇంటర్నెట్ ఆర్కైవ్ నుంచి దించుకున్న పాత పుస్తకాల స్కాన్లు ఉన్నాయి. పాతకాలపు అచ్చులో నలిగిపోయిన వొత్తుల్ని రెండు వేళ్లతో సాగదీసి చదువుతారు. డెబ్బై దాటిన కళ్లకు అది వరమే. ఇంకో ఫోల్డరులో ఆయన పెన్నుతో రాసుకున్న పేజీలున్నాయి. ముక్తావళికి తేట తెలుగులో వివరణ రాస్తానని మూడేళ్ల కిందట మొదలుపెట్టింది అదే.

“ఎన్ని పేజీలయ్యాయి?”

“నాలుగొందలు.”

“అచ్చుకిచ్చేది ఎప్పుడు?”

జవాబు లేదు. మేష్టారి రాతలో ‘మ’కూ ‘య’కూ తేడా ఆయనకే తెలుసు. చేతిరాతను అచ్చక్షరాలుగా మార్చే సదుపాయం తెలుగుకూ ఉంది గానీ, ‘ఘటత్వావచ్ఛిన్న’ లాంటి మాట దగ్గర అది ఏదో కొత్త భాష పుట్టిస్తోంది. రాసిన పేజీలో ఒక పేరా పైకి జరపాలంటే మళ్లీ మొదటినుంచి రాస్తున్నారు. పేజీ బాగా రాలేదనిపిస్తే మొత్తం తుడిచేస్తున్నారు. నాలుగొందల పేజీల్లో మొదటి అధ్యాయమే మూడుసార్లు ఉంది.

“ఇది పలకే మామయ్యా. మార్కాపురం పలక. రాయడం, తుడవడం.”

మార్కాపురం పేరు ఎత్తగానే ఆయన ముఖం వెలిగింది. చిన్నప్పటి ఆ నల్లరాతి పలకలు, చెక్క చట్రం, బలపం, తుడవడానికి దొండాకు. ఊరికి పేరు తెచ్చిన ఆ పలకల్ని ఇప్పుడు అడిగేవాళ్లు తక్కువ. నోటుపుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక అక్కడి రాయి గోడలకు, నేలకు వేసే బిళ్లలుగా ఎగుమతి అవుతోంది.

“చేత్తో రాస్తేనే బుద్ధికెక్కుతుందని శాస్త్రజ్ఞులే చెప్పారటగా,” అన్నారు ఆయన, ఆఖరి అస్త్రంగా. చెప్పినమాట నిజమే. 2014లో మ్యూలర్, ఓపెన్‌హైమర్ అనే ఇద్దరు చేసిన ప్రయోగాల్లో, ల్యాప్‌టాప్‌లో నోట్సు తీసుకున్న విద్యార్థులు విన్నది విన్నట్టు ఎక్కించుకుంటూ పోయారు. ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నల్లో చేతిరాతవాళ్ల కంటే వెనకబడ్డారు. 2021లో మరో బృందం అదే ప్రయోగం మళ్లీ చేసింది. మాటకు మాట ఎక్కించుకోవడం ఈసారీ కనబడింది గానీ, మార్కుల్లో తేడా స్పష్టంగా తేలలేదు.

“అది వినేవాళ్ల సంగతి మామయ్యా. మీరు ఇప్పుడు చెప్పేవాళ్లు.”

అరుగు మీద ఎండ మెట్టు దాకా వచ్చింది. ఆమె సంచి సర్దుకుని లేచింది. పదకొండో తేదీ దాటాకే దుకాణానికి వెళ్తానంది. ఈలోగా ఆఫీసులో మూలపడి ఉన్న బ్లూటూత్ కీబోర్డు ఒకటి తెచ్చి ఆయన ట్యాబ్‌కు తగిలిస్తానంది. కొత్తగా ఏమీ కొనక్కర్లేదు, ముందు రెండు పేజీలు కొట్టి చూడమంది.

ఆమె వీధి మలుపు దాకా వెళ్లాక మేష్టారు వెనకనుంచి కేకేశారు.

“అమ్మడూ, అందులో అరసున్న ఎక్కడుంటుందే?”