ఒక్క గడిలో పట్టని కారణం

సర్వర్ పడిపోయినప్పుడు మా సాఫ్ట్‌వేర్ వాళ్లం రాసే రిపోర్టులో 'రూట్ కాజ్' అని ఒక గడి ఉంటుంది. అందులో ఒక్క కారణమే రాయాలి. జాతీయ నేర గణాంకాల బ్యూరో ఏటా వేసే ఆత్మహత్యల పట్టికలోనూ ఇలాంటి వరసలే: అప్పులు, అనారోగ్యం, కుటుంబ సమస్యలు. మా బోయినపల్లికి దగ్గర్లోని సిరిసిల్లలో సాంచెల మీద బతికే మనిషి ప్రాణం తీసుకుంటే ఏ వరసలో వేయాలి? పని లేక అప్పు, అప్పుతో దిగులు, దిగులుతో తాగుడు, తాగుడుతో జబ్బు, జబ్బుతో ఉన్న పనీ పోవడం. ఇందులో దేని వాటా ఎంత?

జవాబు దొరక్కపోవడం మన చేతగానితనం కాదు, తేడా ప్రశ్నలోనే ఉంది. ఈ సంగతి లాంథనం మాంగనైట్ అనే స్ఫటికంలో బాగా కనబడుతుంది. అందులో ప్రతి మాంగనీస్ అయాన్ చుట్టూ ఆరు ఆక్సిజన్లు పంజరంలా ఉంటాయి. మాంగనీస్‌లోని ఒక ఎలక్ట్రాన్ ముందు, సమాన శక్తి ఉన్న రెండు ఆర్బిటాళ్లు ఉంటాయి. అది ఒకవైపు మొగ్గితే పంజరం సాగుతుంది, కంపనం ఒక భంగిమలో ఆగిపోయినట్టు. 1937లో జాన్, టెల్లర్ చెప్పిన సూత్రం ఇదే. ఆక్సిజన్లు ఉమ్మడివి కనుక పక్క పంజరమూ ఒదగాలి. ఆర్బిటాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో దాన్ని బట్టి, పక్కపక్క స్పిన్‌లు ఒకే దిక్కుకు నిలుస్తాయా, ఎదురెదురుగానా అన్నది తేలుతుంది.

పంజరం సాగకపోయినా, ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావమే ఆర్బిటాళ్లను వరసలో పెట్టగలదని 1973లో కూగెల్, ఖోమ్‌స్కీ చూపించారు. దాంతో ఏది అసలు కారణమన్న వాదన మొదలైంది. ఆర్బిటాళ్ల వరస సుమారు 750 కెల్విన్ దగ్గర, స్పిన్‌ల వరస 140 దగ్గర ఏర్పడతాయి. ఏది ముందో తెలిసింది గానీ, ఎవరి వాటా ఎంతో దాంతో తెలియదు. గుడ్డలో పడుగు నూలెంతో పేక నూలెంతో తూచవచ్చు. అది గుడ్డగా నిలబడడంలో పడుగు వాటాని ఏ తక్కెడలో తూస్తాం?

అలాగని "అన్నీ ముడిపడే ఉన్నాయి, ఎవరినని ఏం లాభం" అనేస్తే అందరికీ సుఖమే. భౌతికశాస్త్రం ఆ సుఖం ఇవ్వదు. ముడులకీ నియమాలున్నాయి. స్ఫటిక సౌష్ఠవాన్ని బట్టి రామన్ వర్ణపటంలో ఏ కంపనాలు కనిపిస్తాయో, ఏవి కనిపించవో లెక్కగట్టే పద్ధతిని 1939లో మన సూరి భగవంతం, వెంకటరాయుడు ఇచ్చారు. పైగా ప్రయోగం చేసేవాళ్లు వాటాలు అడగరు, ఒకదాన్ని కదిపి చూస్తారు. లాంథనం స్థానంలో మూడో వంతు దాకా స్ట్రాన్షియం పెడితే పంజరాల వంకర తగ్గుతుంది, విద్యుత్తు పారుతుంది, స్పిన్‌లన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి. కదిపింది ఒకటే, మారింది మూడూ.

కాబట్టి అడగాల్సింది "ఎవరి వాటా ఎంత" అని కాదు, "ఎవరి చేతిలో ఏది ఉండింది, దాన్ని కదిపారా" అని. 2017లో బతుకమ్మ చీరల ఆర్డరు వస్తే సాంచెలకు పని దొరికింది. ఆ ఆర్డరు ఇవ్వగలిగే చేయి ఒకటి ఉందనీ, అది ముందు సంవత్సరాల్లోనూ ఉందనీ అప్పుడు తెలిసింది. అప్పిచ్చినవాడు ఇంకో నెల ఆగగలడు. ఇంటివాళ్లో దోస్తో పక్కన కూర్చొని మాట్లాడగలరు. ఒకరు జవాబుదారీ అయినంత మాత్రాన ఇంకొకరిది తగ్గదు. బాధ్యతలన్నీ కూడితే నూరే రావాలన్న నియమం ఎక్కడా లేదు.