నీటి అడుగున అనుమాన ప్రమాణము

తన దేహములో నేమి జరుగుచున్నదో దేహి ప్రత్యక్షముగా నెరుగగలడా యను ప్రశ్న మన శాస్త్రకారులకు క్రొత్తది కాదు. కాని దానికి మిక్కిలి స్పష్టమైన ఉదాహరణము తర్కగ్రంథములలో గాక, వార్ధక్యమునను సముద్రముపై మక్కువ వీడని స్కూబా డైవరు మణికట్టున కట్టుకొను డైవ్ కంప్యూటరునందు నాకు కన్పట్టుచున్నది. 30 మీటర్ల లోతున, నాలుగు వాతావరణముల పీడనమున పీల్చిన గాలిలోని నత్రజని రక్తముద్వారా కణజాలములలో కరగి నిలుచును. ఎంత చేరినదో ఒంటికి తెలియదు. పైగా ఆ లోతున నత్రజనియే బుద్ధిని మత్తెక్కించుటచే, సాక్షి కావలసిన మనస్సే సాక్ష్యమునకు పనికిరాకపోవచ్చును. త్వరపడి పైకి వచ్చినవానికి కీళ్లనొప్పియో కాళ్ల తిమ్మిరియో తెలియునది సాధారణముగా నీటినుండి వెలువడిన పిమ్మటనే.

యంత్రమునకు మాత్రము నత్రజని కన్పట్టునా? కన్పట్టదు. అది ముఖ్యముగా కొలుచునవి పీడనము, కాలము, తక్కినదంతయు ఊహ. 1908లో శరీరశాస్త్రజ్ఞుడు హాల్డేన్ మేకలపై చేసిన పరీక్షల ననుసరించి దేహమును 5 అరలుగా భావించి లెక్క కట్టెను. పిమ్మట జూరిక్ నగరమున వైద్యుడు బ్యూల్‌మన్ ఆ అరలను 16కు పెంచెను. వీనిలో నొక్కటియు కోసి చూపదగిన అవయవము కాదు, గణితమునకై కల్పించుకొన్నది.

ఇట్లు శుద్ధమైన అనుమానముపై ప్రాణము నిలిపినపుడు నైయాయికుల హెచ్చరిక జ్ఞప్తికి రాక మానదు. పొగ యున్నచోట నిప్పు కలదనవచ్చును గాని, నిప్పున్నచోట నెల్ల పొగ కలదనరాదు. తడికట్టె యను ఉపాధి యున్నపుడే అది నిజమగును. డైవ్ కంప్యూటరు లెక్క యితరుల దేహములనుండి, అందును పెక్కుమార్లు ఆరోగ్యవంతులైన యువకుల దేహములనుండి, గ్రహించిన వ్యాప్తి. వయస్సు, కొవ్వు, అలసట, దాహము అను ఉపాధులను అది తనంత తానెరుగదు. కావున వృద్ధుడు కొనదగిన యంత్రమునకు మొదటి లక్షణము, జాగ్రత్త పాలును పెంచుకొన వీలుండుట. గ్రేడియెంట్ ఫాక్టరు అను ఆ జాగ్రత్త కొలతను 40/85కు మారుగా 35/75 పెట్టుకొన్నచో, నీటిపైకి వచ్చునప్పటికి సిద్ధాంతము అనుమతించిన మితిలో 75 శాతమునకు మించకుండ ఆ యంత్రము దారి చూపును. రెండవది అంకెల పరిమాణము. దుకాణములో చదువు కళ్లద్దములు తీసి, మాస్కు తగిలించుకొని, చేయి చాచి చూడవలెను. అపుడు కనబడని అంకె ఎంతటి సిద్ధాంతమునుండి పుట్టినదైనను నిష్ప్రయోజనము. ప్రక్కనున్న పడుచువాడు ఇంకను సమయమున్నదని సైగ చేయవచ్చును గాక; ఇరువురి యంత్రములలో నేది ముందుగా పైకి రమ్మనునో దానినే ఇరువురును పాటింపవలెను.

హేతువు దుష్టమైనచో అనుమానమును దుష్టమే యగును గనుక, యంత్రరక్షణ నిట చిన్నపనిగా నెంచరాదు. ఉప్పునీరు ఆరి, పీడనమును గ్రహించు సెన్సారు రంధ్రములలో ఉప్పు పేరుకొన్నచో లోతే తప్పుగా చూపవచ్చును. డైవు ముగిసినంతనే మంచినీట నానబెట్టవలెనే గాని, పిదప సూదితో పొడిచి తీయబూనరాదు. బ్యాటరీ మార్చునపుడు మూతక్రింది ఓ-రింగుపై చిక్కిన ఒక్క వెంట్రుక చాలును, సముద్రము లోనికి వచ్చుటకు. మరియొక మాట: ఉదయము తాను ధరించి మునిగిన కంప్యూటరును సాయంకాలము మిత్రున కెరవిచ్చుట ఔదార్యము కాదు, ఒకని సంచితము మరొకని ఖాతాలో చేరునని మన కర్మసిద్ధాంతము సైత మొప్పదు.

నిప్పు చల్లనిదని యెంత చక్కగా అనుమానించినను చేయి కాలినపుడు ఆ అనుమానము బాధిత మగును. డైవరులగు పెద్దలారా, 5 మీటర్ల వద్ద 3 నిమిషములు తప్పక నిలిచి, వీలైనచో మరి రెండు నిమిషములు చేర్చి, నిదానముగా పైకి రండు. వచ్చిన పిమ్మట తిమ్మిరియో నొప్పియో తోచినచో, కంప్యూటరు తప్పేమియు చూపలేదు గదా యని ఊరకుండక, ఆక్సిజను పీల్చుచు వెంటనే వైద్యుని కడకు వెళ్లుడు.