పెరుగు మీద నింద

నందికొట్కూరు చుట్టూ నల్లరేగడి ఎండి నూర్పిళ్లు మొదలైతే గాలిలో సన్నటి దుమ్ము తేలుతూనే ఉంటుంది. మొక్కజొన్న ఆడించే మిషను దగ్గరో, ఎండుమిరపకాయలు తొడిమలు తీసేచోటో ఒక పూట గడిపినవాళ్లకు సాయంత్రానికి ముక్కు దిబ్బడ, కనుబొమల మధ్య బరువు. ఇంట్లోవాళ్లు మాత్రం దుమ్మును ఏమీ అనరు. "రాత్రి పెరుగు తింటివి గదా, అందుకే" అంటారు.

సైనస్ పట్టుకున్నవాళ్లకు ఏటేటా వద్దన్నవే ఎక్కువవుతాయి. పెరుగు, అరటిపండు, చివరికి తలస్నానం. పాలు శ్లేష్మాన్ని పెంచుతాయని పరీక్షల్లో తేలలేదు. తాగాక గొంతులో కాసేపు జిగటగా అనిపిస్తుంది, అంతే. తిన్న ప్రతిసారీ పడనిదేదైనా ఉంటే మానుకోవచ్చు. ఎవరో చెప్పారని అన్నీ మానేసి కంచం ముందు భయంభయంగా కూర్చోవడాన్ని నేను పథ్యం అనలేను.

మన ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటి గోడల మీద కంటికి కనపడని నూగు పల్చటి శ్లేష్మాన్ని, అందులో చిక్కిన దుమ్మును ముక్కులోకి తోస్తూ ఉంటుంది. లోపలి పొర వాచి దారి మూసుకుపోతే ఆ పని నిలిచిపోతుంది. 12 వారాలైనా తగ్గకపోతే డాక్టర్లు దీర్ఘకాలికం అంటారు.

జొన్నరొట్టెలో ఎర్రకారం నంజుకుంటే ముక్కు కారి కాసేపు తెరిపి ఇస్తుంది. అది కారం ఘాటు చేసే పనే గాని రోగం పోవడం కాదు. అయినా ఆ కాసేపటి హాయినీ, వేడి మిరియాల చారునూ ఎందుకు కాదనాలి? మానాల్సింది బీడీ పొగ, దోమల చుట్ట పొగ. నూర్పిడి దగ్గర ముక్కుకు తువ్వాలు చుట్టుకోవడం ఏ పథ్యం కన్నా మేలు.

హఠయోగం చెప్పే షట్కర్మల్లో నేతి ఒకటి. ఉప్పునీటితో ముక్కు కడుక్కునే జలనేతి ఆ కోవలోదే. 2016లో బ్రిటన్‌లో 871 మంది మీద చేసిన అధ్యయనం ఫలితాలు వచ్చాయి. ఉప్పునీటితో కడుక్కున్నవాళ్లకు కొంత గుణం కనిపించింది. ఆవిరి పట్టినవాళ్లకు తలనొప్పి తగ్గిందే తప్ప మిగతా బాధల్లో పెద్ద తేడా లేదు. మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. ఆవిరికి దుప్పటి కప్పుకుంటాం, ముక్కు కడగమంటే జంకుతాం.

కడుక్కోవడంలో నాకు నచ్చేది దాని నిదానం. తల పక్కకు వంచి, నోటితో ఊపిరి తీస్తూ, ఒక వైపు పోసిన నీళ్లు రెండో వైపు నుంచి జారేదాకా ఆగాలి. తొందరపడితే నషాళానికి అంటుతుంది. రోజులో ఆ కొద్దిసేపు మనిషి ఊపిరి సంగతి తప్ప మరోటి తలచలేడు.

పావు లీటరు నీళ్లకు అర చెంచా ఉప్పు చాలు. కె.సి. కాలువ నీళ్లు గానీ, బోరు నీళ్లు గానీ, కుళాయి నీళ్లు గానీ నేరుగా ముక్కులో పోయకండి. అరుదే అయినా, మెదడుకు చేటు తెచ్చే అమీబా ఆ దారినే లోపలికి పోతుంది. మరగబెట్టి చల్లార్చినవే వాడండి. కంటి చుట్టూ వాచినా, చూపు మసకబారినా, జ్వరం తీవ్రమైనా ఇంటి వైద్యం ఆపి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి.