యుద్ధం – మన కంచంలోని అన్నం



న్యాయాధిపతుల గ్రంథం 6వ అధ్యాయంలో గిద్యోను గోధుమలను కళ్ళంలో కాక ద్రాక్షగానుగ చాటున దుళ్ళగొడుతుంటాడు. ఎందుకు? పంట చేతికొచ్చే వేళకు మిద్యానీయులు దండెత్తి వచ్చి పొలాలను పాడుచేసేవారు. ఏడేండ్లు ఇదే గతి. యుద్ధం వచ్చిన చోట విత్తినవాడికి తన పంట మీదే భరోసా ఉండదు.

నేటి యుద్ధం చెయ్యి ఇంకా పొడవైనది. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు ఉక్రెయిన్‌లో ప్రవేశించాయి. నల్లసముద్రపు రేవులు మూతబడి అక్కడి ధాన్యం గాదెలలోనే నిలిచిపోయింది. యూరియా తయారీకి కావలసిన సహజవాయువు ధర మండిపోయింది. మన దేశం పొటాష్‌ను దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకుంటుంది. దానికీ అదే గతి. ఎరువు ప్రియమైతే చిన్నరైతు తక్కువ వేస్తాడు, లేదా అప్పు చేసి వేస్తాడు. పంట తగ్గినా అప్పు తగ్గదు.

2023 జూలై 20న మన ప్రభుత్వం, దేశంలో ధరలను అదుపు చేయడానికి, బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. అది 2024 సెప్టెంబరు వరకు సాగింది. ఆ వార్త విని అమెరికాలోని మన తెలుగువారు సోనామసూరి బస్తాల కోసం వరుసలు కట్టారు. కొందరు అవసరానికి మించి కొన్నారు. ఎడారిలో మన్నాను దాచుకున్నవారికి పురుగులే మిగిలిన సంగతి మనకు తెలియనిదా?

2025 వానకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుండి నిరీక్షించారు. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులలో పనిచేసే మన బిడ్డలలో ఎందరో ఆ పల్లెలనుండి వచ్చినవారే. తండ్రి అక్కడ వరుసలో నిలబడితే, కొడుకు ఇక్కడ క్యాంటీనులో సగం అన్నం చెత్తబుట్టలో వేయడం న్యాయమా? పారవేసిన అన్నం పేదవాని బల్లమీదనుండి దొంగిలించినట్లేనని దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు 2013లోనే హెచ్చరించారు.

యుద్ధాలను ఆపడం మన చేతుల్లో లేదు. కాని ఈ ఆదివారం పూజ ముగిశాక ఊరికి ఫోన్ చేసి, “నాన్నా, ఎరువుకు ఎంత అప్పు చేశావు?” అని అడగడం మన చేతుల్లో ఉంది. వడ్డీవ్యాపారి గుమ్మం తొక్కకుండా ఆ డబ్బు మనమే పంపడం మన చేతుల్లో ఉంది. తినగలిగినంతే వడ్డించుకోవడమూ మన చేతుల్లోనే ఉంది.

క్రీస్తు ప్రభువు నేర్పిన జపంలో అడిగేది ‘నా’ అన్నం కాదు, ‘మా’ అన్నం. ఆ ‘మా’లో ఉక్రెయిన్ రైతు, మన పల్లె కౌలురైతు ఇద్దరూ ఉన్నారు. బలిపీఠం మీద అప్పం అర్పించేటప్పుడు వారిని తలచుకొని, లోకశాంతికై ప్రార్థించుదాం. ఆమెన్.